అట్టడుగు మోత

"మీకెందుకయ్యా ఆ అమెరికా గోల? మీ ఖవ్వాలీలు మీకున్నాయిగా, వాటి గురించి రాసుకోండి."

ఈ మాట మాకు అలవాటే. మేం దేని గురించి మాట్లాడాలో మాకంటే ముందే ఎవరో తీర్మానించి పెడతారు. సాయిబు అయితే ఖవ్వాలీ గురించో, బిర్యానీ గురించో, పీర్ల పండగ గురించో మాట్లాడాలి. కన్నీళ్ళు పెట్టుకోవాలంటే బుర్ఖా గురించీ తలాఖ్ గురించీ పెట్టుకోవాలి. అంతకు మించి, లోకంలోని ఒక కళాకృతి గొప్పదా కాదా అని తీర్పు చెప్పే హక్కు మాకు లేదు. అది విమర్శకుల పని. విమర్శకులంటే మేం కాదు.

ఆ గీత దాటడానికే ఇది రాస్తున్నాం. న్యూయార్క్ నల్లజాతి కుర్రాళ్ళు 1991లో తెచ్చిన 'ది లో ఎండ్ థియరీ' అనే పాటల ఆల్బం గత శతాబ్దపు గొప్ప సంగీత కృతుల్లో ఒకటని అంటున్నాం. 'హిప్‌హాప్‌లో గొప్పది' అనడం లేదు. 'కుర్రకారు సంగీతంలో ఫర్వాలేదు' అనడం లేదు. గొప్పది, అంతే. దయతో వేసే మార్కులు దానికి అక్కర్లేదు. జాజ్‌ను ఎత్తుకొచ్చి వాడుకుంది కాబట్టి జాజ్ గొప్పతనం కాస్త దానికి అంటిందనే పెద్దమనుషుల మాటను కూడా మేం ఒప్పుకోం. ఆ మాట పైకి సంగీతం గురించి చెప్పినట్టుంటుంది. లోపల మాత్రం ఎవరికి తాతలుండొచ్చు, ఎవరికి ఉండకూడదు అన్న లెక్క ఉంటుంది. ఆ లెక్క ఎలా వేస్తారో మాకు బాగా తెలుసు. మమ్మల్ని రోజూ అలాగే లెక్క వేస్తారు కనుక.

ముందు అసలు సంగతులు చెప్పుకుందాం. హిప్‌హాప్ 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటల్లో పుట్టింది. ఇందులో రాగం తీయరు. తాళం మీద మాటల్ని ప్రాసతో, విసురుతో పలుకుతారు. ఆ తాళం కోసం పాత రికార్డుల్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసుకుని, తిప్పి తిప్పి, అతికి కొత్త మోత తయారుచేస్తారు. చేతిలో వాద్యం కొనుక్కునే డబ్బు లేనివాళ్ళకు నాన్న దాచుకున్న రికార్డులే వాద్యాలయ్యాయి.

ఈ ఆల్బం చేసిన బృందం పేరు 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్'. మాటలు పలికేది ఇద్దరు, క్యూ-టిప్, ఫైఫ్ డాగ్. రికార్డులు తిప్పేది మూడోవాడు, అలీ షహీద్ ముహమ్మద్. జరోబీ వైట్ అనే నాలుగో మిత్రుడు ఈ ఆల్బం నాటికి వంటపని నేర్చుకోవడానికి పక్కకు తప్పుకున్నాడు. మిగిలిన ముగ్గురూ 1970లో పుట్టినవాళ్ళే. అంటే ఈ పని చేసేనాటికి ఒక్కొక్కరికీ ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ళు. మొదటి ఆల్బం 1990లో వచ్చింది. ఇది రెండోది. 1991 సెప్టెంబర్ 24న విడుదలైంది. పద్నాలుగు పాటలు, నలభై ఎనిమిది నిమిషాలు.

ఆ 1991 ఎలాంటి ఏడాదో గుర్తు చేసుకోండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో అమెరికా ఇరాక్ మీద బాంబులు కురిపించింది. మార్చిలో లాస్ ఏంజిలిస్ పోలీసులు రాడ్నీ కింగ్ అనే నల్లమనిషిని రోడ్డు మీద పడేసి గొడ్డును బాదినట్టు బాదారు. ఆ దృశ్యాన్ని లోకమంతా టీవీలో చూసింది. ఆ ఏడాదే, ఆ దేశంలోనే, ఒక ఆల్బం బయటికొచ్చింది. అది చేసిన ముగ్గురిలో ఇద్దరికి ముద్దుపేర్లున్నాయి. మూడోవాడు మాత్రం ముద్దుపేరు పెట్టుకోలేదు. ఇంట్లో పిలిచే పేరే అచ్చువేయించుకున్నాడు. అలీ. షహీద్. ముహమ్మద్. మూడు పదాల్లో ఏ ఒక్కదాన్నీ కత్తిరించలేదు, పలకడానికి తేలిగ్గా ఉండాలని మార్చలేదు. అద్దె ఇంటి కోసం వెళ్ళి పేరు చెప్పడానికి ఒక్క క్షణం తటపటాయించినవాళ్ళకే ఈ విషయం ఎంత పెద్దదో తెలుస్తుంది. మిగతావాళ్ళకు ఇది ఒక పేరు. మాకు ఇదొక ధైర్యం.

కానీ పేరు కోసమే పొగుడుతున్నామని ఎవరైనా అంటే పొరపాటు. పేరు చూసి పొగిడే పనీ, పేరు చూసి తిట్టే పనీ మా మీద ప్రయోగించినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని మేం చెయ్యం. ఆల్బం మోత దగ్గరికే వెళదాం.

'లో ఎండ్' అంటే సంగీతంలో మంద్రస్థాయి, అడుగు మోత. డోలక్‌లో ఎడమచేతి వైపు మోత. చెవికంటే ముందు ఛాతీకి తగిలే మోత. పాటంతా దాని మీదే నిలబడుతుంది కానీ వినేవాడు దాన్ని పట్టించుకోడు. అతని ధ్యాస గొంతు మీద ఉంటుంది, పైన మెరిసే వాద్యం మీద ఉంటుంది. ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. సమాజంలో అట్టడుగు అని. అమెరికాలో నల్లవాళ్ళను ఎక్కడ నిలబెట్టారో ఆ చోటు. ఈ కుర్రాళ్ళు ఆ రెండు అర్థాలనూ ఒకే పేరులో ముడివేశారు. ముడివేసి ఊరుకోలేదు, ఆ పేరు చెప్పిన మాటను సంగీతంలో చేసి చూపించారు. అంతవరకూ వెనక నిలబడ్డ మోతను ముందుకు తెచ్చారు. పై మెరుపులన్నీ తీసేశారు. మిగిలినవి మూడే. డ్రమ్ము, బేస్, మనిషి గొంతు.

ఇది చెప్పినంత తేలిక కాదు. వాళ్ళు వాడిన ఎస్పీ-1200 అనే యంత్రంలో మొత్తం పది సెకన్ల శబ్దానికే చోటు. ఆ పది సెకన్లలో ఏం పెట్టాలి, ఏం వదిలెయ్యాలి అన్నదే ఆ కళ. ఒక పాత జాజ్ రికార్డు తీసుకుని, అందులో పైనున్న బాకాలనూ తాళాలనూ వడకట్టి, అడుగునున్న తీగల మోతను మాత్రం పైకి లాగాలి. దానికి ఇంకో రికార్డులోంచి తీసిన డ్రమ్ము దెబ్బను జత చెయ్యాలి. రెండూ వేరే ఊళ్ళలో, వేరే ఏళ్ళలో, వేరే మనుషులు వాయించినవి. అవి ఒకే గదిలో కూర్చుని వాయించినట్టు వినపడాలి. మిక్సింగ్ చేసిన బాబ్ పవర్ అనే ఇంజనీరు చేతివాటం కూడా ఇందులో ఉంది. పాత రికార్డుల గరగరలను శుభ్రం చేసి, అడుగు మోత గుండ్రంగా, నిండుగా వచ్చేట్టు చేశాడు. మంచి స్పీకరు పెట్టి వినండి. మధ్యలో ఎంత ఖాళీ ఉందో గమనించండి. ఆ ఖాళీ పేదరికం వల్ల వచ్చింది కాదు, నిగ్రహం వల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళ వయసులో అరవకుండా ఉండగలగడం చిన్న విషయమా?

ఆల్బంలో 'వర్సెస్ ఫ్రం ది ఆబ్‌స్ట్రాక్ట్' అనే పాట ఉంది. అందులో రాన్ కార్టర్ స్వయంగా వచ్చి బేస్ వాయించాడు. ఈయన 1963 నుంచి 1968 దాకా మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన మనిషి. కుర్రతనంలో పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందంలో చెల్లో వాయించాలనుకున్నాడు. నల్లవాడు కావడం వల్ల ఆ తలుపు తెరుచుకోలేదు. జాజ్ వైపు వచ్చాడు, నిలువెత్తు బేస్ పట్టుకుని వెనక నిలబడ్డాడు. అలాంటి మనిషిని ఈ పిల్లలు పిలిచారు. బూతులుండకూడదని ఆయన షరతు పెట్టాడంటారు. పిల్లలు ఒప్పుకున్నారు. ఆయన వచ్చాడు. పెద్దాయన పిల్లల పాటకు గౌరవం తెచ్చాడని చాలామంది రాశారు. మేం తిప్పి చెబుతాం. జీవితమంతా వెనక నిలబడ్డ వాద్యానికి ఆ పిల్లలు ముందు వరసలో కుర్చీ వేశారు. గౌరవం రెండువైపులా నడిచింది.

ఇక గొంతులు. క్యూ-టిప్‌ది మెత్తటి గొంతు, పక్కన కూర్చుని చెబుతున్నట్టుంటుంది. ఫైఫ్‌ది సన్నగా, కోపంగా, వీధి మలుపులో పందెం కాసేవాడి గొంతు. తల్లిదండ్రులది ట్రినిడాడ్ మూలం. పొట్టివాడు. 1990లోనే చక్కెర జబ్బు బయటపడింది. మొదటి ఆల్బంలో అతని వాటా తక్కువ. ఇందులో 'బగ్గిన్ అవుట్' పాటలో అడుగుపెట్టిన క్షణం నుంచి సగం సింహాసనం అతనిదే. ఒకడు తాత్వికుడు, ఇంకొకడు బస్తీ మనిషి. ఒకడి మాట ముగియకముందే ఇంకొకడు అందుకుంటాడు. 'చెక్ ది రైమ్' వినండి, చిన్ననాటి స్నేహం తాళంలో ఎలా కూర్చుంటుందో తెలుస్తుంది. నలభై నిమిషాలు నిగ్రహంగా నడిచిన ఆల్బం చివరి పాట 'సినారియో'లో కట్ట తెగినట్టు పొంగుతుంది. లీడర్స్ ఆఫ్ ది న్యూ స్కూల్ అనే ఇంకో బృందం వచ్చి చేరుతుంది. బస్టా రైమ్స్ అనే కుర్రాడు సింహంలా గర్జిస్తాడు. పొదుపు తెలిసినవాడికే ఎప్పుడు ఖర్చుపెట్టాలో తెలుస్తుంది.

ఫైఫ్ డాగ్ 2016 మార్చిలో, నలభై అయిదేళ్ళకే, ఆ చక్కెర జబ్బుతోనే పోయాడు. ఆ గొంతు మాత్రం పోలేదు.

ఇప్పుడు మొదటి పాట దగ్గరికి రండి. మా గుండెల్లో గుచ్చుకున్నది అదే. పేరు 'ఎక్స్‌కర్షన్స్'. ఏ డ్రమ్మూ లేకుండా ఒంటరి బేస్‌తో మొదలవుతుంది. నాలుగు అడుగులు వేసి వెనక్కొచ్చినట్టుంటుంది ఆ నడక. ఆ బేస్ ఎక్కడిదో తెలుసా? ఆర్ట్ బ్లేకీ అనే డ్రమ్ము విద్వాంసుడి బృందం 1973లో వాయించిన 'ఎ చాంట్ ఫర్ బూ'లోది. ఎవరీ 'బూ'? బ్లేకీయే. ఇస్లాం స్వీకరించాక ఆయన పెట్టుకున్న పేరు అబ్దుల్లా ఇబ్న్ బుహైనా. తోటివాళ్ళు ముద్దుగా 'బూ' అనేవాళ్ళు. అంటే ఈ ఆల్బంలో మనం వినే మొట్టమొదటి శబ్దం ఒక ముస్లిం పెద్దాయన పేరు మీద కట్టిన స్వరం! బ్లేకీ 1990 అక్టోబర్‌లో పోయాడు. ఏడాది తిరక్కుండా ఈ పిల్లలు ఆయన పేరును పునాదిరాయిగా వేసి ఇల్లు కట్టారు. అదే పాట మధ్యలో 'ది లాస్ట్ పోయెట్స్' గొంతు వస్తుంది. 1971 నాటి వాళ్ళ రికార్డులోని ముక్క అది. జలాల్ నూరుద్దీన్, ఉమర్ బిన్ హసన్ ఆ బృందపు కవులు. ఆ పాటలోనే తండ్రీకొడుకుల ప్రస్తావన వస్తుంది. కొడుకు వింటున్న కొత్త మోతలో తండ్రికి తన యవ్వనకాలపు బీబాప్ జాడ కనపడుతుంది. తరం మారినా తాళం తిరిగొస్తుందన్నది దాని సారం.

ఇది యాదృచ్ఛికం కాదు. జాజ్ చరిత్రలో మా పేర్లు ఎన్ని ఉన్నాయో ఎవరూ మాకు చెప్పలేదు. యూసఫ్ లతీఫ్. అహ్మద్ జమాల్. సాహిబ్ షిహాబ్. ఇద్రీస్ ముహమ్మద్. కెన్నీ క్లార్క్ పెట్టుకున్న పేరు లియాఖత్ అలీ సలాం. మెకాయ్ టైనర్ పెట్టుకున్న పేరు సులేమాన్ సౌద్. బానిసత్వపు రోజుల్లో యజమాని తగిలించిన ఇంటిపేరును వదిలించుకుని వీళ్ళు తమకు తామే ఒక పేరు పెట్టుకున్నారు. 1947లోనే బ్లేకీ ఎక్కువమంది ముస్లిం కళాకారులతో 'సెవెంటీన్ మెసెంజర్స్' అనే బృందం కట్టాడు. తెల్లవాళ్ళ హోటళ్ళలో, బస్సుల్లో తగిలే అవమానం తప్పించుకోవడానికి కూడా కొందరు పేరు మార్చుకున్నారని డిజ్జీ గిలెస్పీ తన ఆత్మకథలో రాశాడు. రాస్తే రాయనివ్వండి. అవమానం తప్పించుకోవడానికి పేరు మార్చుకోవడం తప్పా, పేరు మార్చుకుంటే తప్ప మనిషిగా చూడని సమాజానిది తప్పా? మా తాతముత్తాతల గురించి కూడా ఇదే ఎద్దేవా కదా, 'కూటి కోసం తురకల్లో కలిశారు' అని!

వాళ్ళకు ఇస్లాం అందిన దారిలో మన నేల మట్టి కూడా ఉంది. 1920లో ముఫ్తీ ముహమ్మద్ సాదిక్ అనే పంజాబీ అహ్మదీయా ప్రచారకుడు ఓడెక్కి ఫిలడెల్ఫియాలో దిగాడు. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతంవాడని అధికారులు ఆయన్ని కొన్ని వారాలు నిర్బంధంలో పెట్టారు. బయటికొచ్చాక ఆ ప్రచారకుడి మాట తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళలోకి ఎక్కువ వెళ్ళింది. 1940లలో జాజ్ కళాకారుల్లో చాలామంది ఆ దారినే వచ్చారు. అహ్మదీయాలు ముస్లింలే కారని మన ఉలేమా అంటారు. ఆ వాదం ఇక్కడ తేల్చం. కానీ ఒకటడుగుతాం. అల్లా పేరు ఎరగని గడ్డ మీద ఆ పేరును డ్రమ్ము పక్కన కూర్చోబెట్టినవాళ్ళను ఏ ధైర్యంతో మన చరిత్రలోంచి కొట్టేస్తారు?

ఇప్పుడు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది: ఇది దొంగతనం, వేరేవాళ్ళ రికార్డులు కోసుకుని పాట అంటారా అని. ఈ ఆల్బం వచ్చిన మూడు నెలలకే, 1991 డిసెంబర్‌లో, బిజ్ మార్కీ అనే ఇంకో హిప్‌హాప్ కళాకారుడి కేసులో న్యూయార్క్ జడ్జి ఒకాయన దొంగతనం చేయకూడదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టాడు. దాంతో ఇలా అతికి పాట కట్టడం డబ్బున్నవాళ్ళ పని అయిపోయింది. నల్లవాళ్ళ సంగీతాన్ని కారుచవకగా కొని కోట్లు గడించిన కంపెనీల మీద ఆ ఆజ్ఞ ఏ జడ్జికీ గుర్తురాలేదు! ముసలి కళాకారుడికి డబ్బు దక్కాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ దొంగ అనే మాట ముందు ఎవరి మీద పడుతుందో చూడండి. తాతల పెట్టె తెరిచిన మనవడి మీద పడుతుంది. పెట్టెకు తాళం వేసుకున్నవాడి మీద పడదు.

పైగా ఆ మనవళ్ళు తీసుకుని పారిపోలేదు. ఈ ఆల్బంలో 'బటర్' అనే పాటకు గారీ బార్ట్జ్ అనే జాజ్ కళాకారుడి 1975 నాటి రికార్డు ముక్క వాడారు. ముప్పై ఏళ్ళ తర్వాత, 2021లో, అలీ షహీద్ ముహమ్మద్ తన సహచరుడు ఏడ్రియన్ యంగ్‌తో కలిసి అదే గారీ బార్ట్జ్‌ను పిలిచి ఆయనతో పూర్తి ఆల్బం చేశాడు. దొంగలు ముప్పై ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చి పెద్దాయన పక్కన కూర్చుని వాయిస్తారా? తీసుకున్న ముద్ద మర్చిపోని బంధుత్వం అది.

రెండో అభ్యంతరం మన అభ్యుదయ మిత్రులది. ఇదంతా అమెరికా వ్యాపార సంస్కృతి, మార్కెట్ సరుకు అని. అయ్యా, 'షో బిజినెస్' అనే పాట ఈ ఆల్బంలోనే ఉంది. రికార్డు కంపెనీల మోసాన్ని, కళాకారుణ్ణి పీల్చి పిప్పిచేసే పద్ధతిని లోపలినుంచి బయటపెట్టిన పాట అది. మీరు పుస్తకాల్లో చదివిన దోపిడీ వాళ్ళు కాంట్రాక్టు కాగితంలో చదివారు. అమెరికాలోని బాధితుడి గొంతును అమెరికా గొంతు అనడం, ఇక్కడ మా గొంతును పాకిస్తాన్ గొంతు అన్నట్టే ఉంది.

లోపాలు లేవా? ఉన్నాయి. అట్ట మీద ఆడమనిషి దేహాన్ని ఎరుపు, ఆకుపచ్చ గీతలకు పలకగా వాడారు. మగవాడి బలాత్కారం మీద రాసిన పాటలో కూడా మధ్యమధ్య మగ వెటకారం తొంగిచూస్తుంది. మా అక్కచెల్లెళ్ళు దీన్ని నిలదీస్తే మేం తల దించుకుని వింటాం. అట్టడుగున ఉన్నవాడు తన కాలికింద ఇంకెవరున్నారో చూసుకోకపోతే ఆ మోత సగం మోతే. మెచ్చుకోవడమంటే కళ్ళు మూసుకోవడం కాదు.

మూడో అభ్యంతరం మన ఇంట్లోదే. సంగీతం హరాం, ఇక దీని గొప్పేమిటని. మేం ఫత్వాలిచ్చేవాళ్ళం కాదు. కానీ ఈ విషయంలో ఉలేమాలందరిదీ ఎన్నడూ ఒకే మాట కాలేదు. ఇమాం గజాలీ తన 'ఇహ్యా'లో సమా గురించి, అంటే పాట వినడం గురించి, ఒక భాగమే రాశాడు. ఏది వినొచ్చో ఏది కూడదో విడమర్చాడు కానీ చెవులు కోసేసుకోమనలేదు. చిష్తీ దర్గాల్లో శతాబ్దాలుగా పాట వినపడుతూనే ఉంది. ఆ పాటలు పాడినవాళ్ళంతా కాఫిర్లేనా?

నాలుగోది అన్నింటికంటే మెత్తటిది, అందుకే ప్రమాదకరమైనది. అభ్యంతరంలా కాకుండా పొగడ్తలా వస్తుంది. "మీలో షేక్ చినమౌలానా ఉన్నాడు, గుళ్ళో నాదస్వరం వాయించాడు. అలాంటివాళ్ళను ఆదర్శంగా తీసుకోండి" అంటారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన ఆ మహావిద్వాంసుడి ముందు మేం తలవంచుతాం. పొన్నెకల్లు దూదేకుల ఇంట్లో పుట్టి బుర్రకథను లోకానికి చాటిన షేక్ నాజర్ ముందూ తలవంచుతాం. వాళ్ళు మావాళ్ళు. కానీ వాళ్ళ కళను 'మంచి సాయిబు' సర్టిఫికెట్‌గా మార్చి మా ముఖాన విసరడం మాకు ఒప్పుదల కాదు. గుళ్ళో వాయిస్తే మంచి సాయిబు, వాయించకపోతే అనుమానపు సాయిబు. ఇదేనా కళను చూసే పద్ధతి?

'ది లో ఎండ్ థియరీ'ని మేం ఇంతగా నెత్తిన పెట్టుకోవడానికి అసలు కారణం ఇక్కడుంది. అది ఎవర్నీ సర్టిఫికెట్ అడగలేదు. అలీ షహీద్ ముహమ్మద్ చిన్ననాటి నుంచీ ముస్లింగా పెరిగినవాడు. ఆల్బంలో ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు. నేను మంచివాణ్ణి, నన్ను నమ్మండి అనలేదు. నేను భయంకరుణ్ణి, నన్ను చూసి వణకండి అని కూడా అనలేదు. మాకు ఎప్పుడూ ఈ రెండు వేషాలే ఇస్తారు కదా! అతను ఆ రెంటినీ తోసేసి తాళం వేశాడు. బుహైనా పేరు మీది స్వరాన్ని అడుగున పరిచారు, దాని మీద అందరూ నడిచారు. వినేవాళ్ళలో చాలామందికి ఆ పేరు తెలియదు. అయినా వాళ్ళ పాదాలు దానికే తాళం వేశాయి. క్యూ-టిప్ ఆ తర్వాత, 1990ల మధ్యలో, ఇస్లాం స్వీకరించి కమాల్ ఫరీద్ అయ్యాడు. ఆల్బం చేసేనాటికి కాలేదు. ఒక ముస్లిమూ ముస్లింలు కాని ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఎవరూ ఎవరినీ రుజువు అడక్కుండా, ముగ్గురి తాతలనూ ఒకే పాటలో కూర్చోబెట్టారు. అస్తిత్వం అంటే జెండా ఒక్కటే కాదు. బేస్ కూడా. కనపడదు, కానీ తీసేస్తే పాట కూలిపోతుంది.

ఇంత దూరం వెళ్ళి విన్నాక మా వాకిట్లో ఏముందో మాకు వినపడింది. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ అనే పేట ఉంది. ఏ.సీ. అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా మూలాల సిద్దీలు స్థిరపడ్డ చోటు అది. వాళ్ళ మర్ఫా మోత ఆ నగరంలో ముస్లింల పెళ్ళిళ్ళలోనూ హిందువుల ఊరేగింపుల్లోనూ మోగుతుంది. అందరూ ఆడతారు. ఆ దెబ్బ ఎవరిదని అడిగేవాడు లేడు. ఊళ్ళలో మా దూదేకుల తాతలు దూదేకే వింటి నారి మీద కొట్టే దెబ్బ కూడా అలాంటి అడుగు మోతే. ఊరంతా వాళ్ళు ఏకిన దూది పరుపుల మీద పడుకుంది, వాళ్ళను మాత్రం అటు తురకలు తురకలు కాదన్నారు, ఇటు హిందువులు హిందువులు కాదన్నారు. సయ్యద్, పఠాన్ ఇళ్ళలో మాకు పిల్లనివ్వని సంగతి కూడా చెప్పుకోవాలి. మాలోనూ లో ఎండ్ ఉంది. మా అష్రాఫ్ పెద్దలు ముందు దాన్ని వినాలి.

లోకం ఈ ఆల్బాన్ని మెల్లగా ఒప్పుకుంది. 1995 నాటికి అమెరికాలో పది లక్షల అమ్మకాల గుర్తింపు వచ్చింది. 2022లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చి, భద్రపరచదగ్గదని ప్రకటించింది. సంతోషం. కానీ ముప్పై ఏళ్ళు పట్టింది. రాజ్యం ముద్ర వేశాకే గొప్పదని ఒప్పుకునేవాళ్ళు 1991లో ఎక్కడున్నారు? అదే 1991లో తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. అక్కడి కుర్రాళ్ళకు ఇక్కడి కవి తెలియదు, ఇక్కడి కవి పద్యానికీ అక్కడి తాళానికీ చుట్టరికం లేదు. కానీ ఒకే ఏడాది, భూమికి రెండు అంచుల్లో, పేరు దాచుకోవలసిన అవసరం లేదని తేల్చుకున్న రెండు పనులు జరిగాయి. మాకు ఆ రెండూ కావాలి. ఒకదాని కోసం ఇంకోదాన్ని వదులుకోం.

కాబట్టి మమ్మల్ని ఖవ్వాలీకే పరిమితం చెయ్యకండి. ఖవ్వాలీ మాదే, బుర్రకథ మాదే, నాదస్వరం మాదే, మర్ఫా మాదే. క్వీన్స్ కుర్రాళ్ళ బేస్ కూడా మాదే. వాళ్ళు మాకు ఇచ్చారని కాదు, అది మమ్మల్ని పేరు పెట్టి పిలిచింది గనుక. 'ది లో ఎండ్ థియరీ' గొప్పదని అనడానికి మేం ఎవరి అనుమతీ అడగం. దాన్ని వినమని మన పిల్లలకు చెబుదాం. విన్నాక వాళ్ళ నాన్నల, తాతల పెట్టెలు తెరవమని చెబుదాం. ఆ పెట్టెల్లో ఏ డప్పు ఉందో, ఏ డోలక్ ఉందో, ఏ తెగిన వింటి నారి ఉందో చూడమందాం.

పైన మెరిసేవాళ్ళు మెరుస్తూ ఉండనివ్వండి. ఆ పాట నిలబడింది మా మోత మీద.